ఓట్లకు నిలబడ్డ పంతులమ్మ

(రాత్రి కేంద్రంలో చదివి వినిపించడానికి రాసిన ప్రసంగం)



ఊళ్ళో ఎన్నికలు వస్తే గోడల నిండా గుర్తులు కనిపిస్తాయి. ఉంగరం, కత్తెర, బ్యాటు. అక్షరాలు రాని రోజుల్లో ఆ గుర్తు చూసే ఓటు వేశారు. ఇప్పుడు గుర్తు పక్కన ఉన్న పేరు కూడా చదువుతున్నారు. ఇది చిన్న సంగతి కాదు.

ఓటు వేయడం వరకూ సరే. మరి ఓట్లకు నిలబడటం? ఈ మాట ఎత్తితే చాలామంది ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. "మాకెందుకండీ అయ్యన్నీ" అంటారు. "డబ్బున్నోళ్ళ పని, చదువుకున్నోళ్ళ పని" అంటారు.

ఈ పూట ఒక పంతులమ్మ సంగతి చెప్పుకుందాం. ఆమె బడిలో పాఠాలు చెప్పారు. తర్వాత తన ఊళ్ళో వార్డుకి నిలబడ్డారు. తర్వాత శాసనసభకు నిలబడ్డారు. గెలిచారు. ఓడారు. మళ్ళీ లేచారు. ఆమె పేరు మీలో చాలామంది విన్నదే. ద్రౌపది ముర్ము.

ఉపర్‌బేడా అమ్మాయి

ఒడిశా రాష్ట్రంలో మయూర్‌భంజ్ జిల్లా ఉంది. అడవులు, కొండలు ఉన్న జిల్లా. అక్కడ సంతాల్ అనే గిరిజనులు ఎక్కువ. వాళ్ళ భాష సంతాలీ. ఆ భాషకు చాలాకాలం సొంత అక్షరాలు లేవు. 1925లో రఘునాథ్ ముర్ము అనే ఆయన ఆ భాషకు 'ఓల్ చికి' అనే లిపి తయారు చేశారు. ఆయనదీ మయూర్‌భంజే. ఆయన కూడా బడిపంతులే.

ఆ జిల్లాలోని ఉపర్‌బేడా అనే పల్లెలో 1958 జూన్ 20న ద్రౌపది పుట్టారు. తండ్రి రైతు, ఊరి పెద్ద కూడా. ఆమె ఊళ్ళోని బడిలో చదువు మొదలుపెట్టారు. పై చదువుకి భువనేశ్వర్ వెళ్ళారు. అక్కడ రమాదేవి మహిళా కళాశాలలో బి.ఏ. చదివారు. తమ ఊరి నుంచి కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి ఆడపిల్ల తానేనని ఆమె తర్వాత చెప్పుకున్నారు.

ఒక్క పిల్ల కాలేజీకి వెళ్తే ఏమవుతుంది? వెనక వచ్చే పిల్లలకు దారి తెలుస్తుంది. "ఫలానా వాళ్ళమ్మాయి వెళ్ళింది కదా, మన పిల్ల ఎందుకు వెళ్ళకూడదు?" అనే మాట ఊళ్ళో పుడుతుంది.

1979లో ఆమెకు ఒడిశా ప్రభుత్వ నీటిపారుదల, విద్యుత్ శాఖలో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. నాలుగేళ్ళు చేశారు. 1983లో ఆ ఉద్యోగం వదిలేశారు. సంసారం, పిల్లలు, ఇల్లు. పదకొండేళ్ళు అలా గడిచాయి.

బడి నుంచి వార్డుకి

మయూర్‌భంజ్ జిల్లాలోనే రాయ్‌రంగ్‌పూర్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి శ్రీ అరవింద విద్యాకేంద్రంలో 1994 నుంచి 1997 దాకా ఆమె పాఠాలు చెప్పారు. అది సర్కారు కొలువు కాదు. గౌరవ ఉపాధ్యాయురాలిగా చేసిన పని.

సరిగ్గా ఆ కాలంలోనే దేశంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. 1993లో రాజ్యాంగానికి 73వ సవరణ, 74వ సవరణ అమల్లోకి వచ్చాయి. మొదటిది పల్లెల పంచాయతీల కోసం. రెండోది పట్టణాల మునిసిపాలిటీల కోసం. ఈ సవరణల వల్ల మూడో వంతుకు తక్కువ కాకుండా సీట్లు ఆడవాళ్ళకు కేటాయించాలి. దళితులకు, గిరిజనులకు వారి జనాభాను బట్టి సీట్లు ఇవ్వాలి. అయిదేళ్ళకోసారి ఎన్నికలు జరపాలి.

అంతవరకు రచ్చబండ దగ్గర నిలబడటానికే జంకిన ఆడవాళ్ళు సభలో కుర్చీ వేసుకుని కూర్చునే రోజు వచ్చింది.

1997లో ద్రౌపది ముర్ము రాయ్‌రంగ్‌పూర్ నగర పంచాయతీలో కౌన్సిలర్‌గా గెలిచారు. పల్లెలో వార్డు మెంబరు ఎట్లాగో, పట్టణంలో కౌన్సిలర్ అట్లాగ. చిన్న పదవే. కానీ కాలువలో పూడిక తీయలేదంటే అడగాల్సింది ఆ మనిషినే. వీధిలో బల్బు మాడిపోతే, కుళాయిలో నీళ్ళు రాకపోతే జనం వెళ్ళి తట్టేది ఆ గుమ్మమే. ముఖ్యమంత్రి కనపడకపోయినా రోజు గడుస్తుంది. వార్డు మెంబరు పట్టించుకోకపోతే మురుగు ఇంటి ముందే నిలుస్తుంది.

ఆ నగర పంచాయతీకి ఆమె ఉపాధ్యక్షురాలు కూడా అయ్యారు.

శాసనసభలో

మూడేళ్ళు గడిచాయి. 2000లో శాసనసభ ఎన్నికలు వచ్చాయి. ఆమె రాయ్‌రంగ్‌పూర్ నుంచి భారతీయ జనతా పార్టీ తరపున నిలబడి గెలిచారు. వెంటనే మంత్రి అయ్యారు. మొదట వాణిజ్యం, రవాణా శాఖ చూశారు. తర్వాత చేపలు, పశువుల శాఖ చూశారు. 2004లో మళ్ళీ గెలిచారు. 2009 దాకా శాసనసభ్యురాలిగా ఉన్నారు. 2007లో ఒడిశా శాసనసభ ఆమెకు ఉత్తమ శాసనసభ్యురాలిగా నీలకంఠ పురస్కారం ఇచ్చింది.

బడిలో పిల్లలకు చెప్పడం వేరు, సభలో మాట్లాడటం వేరు అనుకుంటాం. కానీ రెండింటికీ కావలసిన గుణాలు కొన్ని ఒకటే. ముందు రోజు చదువుకుని రావాలి. అవతలివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి. వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళను కూడా గమనించాలి.

ఓడిన రోజులు

గెలుపు ఒక్కటే చెబితే కథ సగమే అవుతుంది. 2009లో ఆమె లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. 2014లో సొంత రాయ్‌రంగ్‌పూర్‌లోనే శాసనసభకు పోటీ చేసి ఓడిపోయారు.

ఓట్లలో ఓటమి ఒక ఎత్తు, ఇంట్లో జరిగింది ఇంకో ఎత్తు. 2009 నుంచి కొన్నేళ్ళలోపే ఆమె ఇద్దరు కొడుకులు చనిపోయారు. భర్త చనిపోయారు. ఆ దుఃఖం పగవాళ్ళకు కూడా వద్దు. ఆమె ఇల్లు పట్టుకుని ఏడుస్తూ కూర్చోలేదు. పహాడ్‌పూర్‌లోని అత్తవారి చోటును పిల్లలు ఉండి చదువుకునే బడిగా మార్చారు. పోయిన ముగ్గురి పేరు మీద ఆ బడి నడిచింది. పంతులమ్మ దుఃఖంలో కూడా బడినే తలుచుకున్నారు.

సంతకం పెట్టలేదు

2015లో ఆమె జార్ఖండ్ రాష్ట్రానికి గవర్నరు అయ్యారు. ఆ రాష్ట్రానికి మొదటి మహిళా గవర్నరు ఆమే. ఇది ఓట్లతో వచ్చే పదవి కాదు. కానీ అక్కడ జరిగిన ఒక సంగతి అక్షరాలు నేర్చుకున్నవాళ్ళందరూ వినాలి.

జార్ఖండ్‌లో గిరిజనుల భూములను కాపాడే పాత చట్టాలు రెండు ఉన్నాయి. ఒకటి 1908 నాటిది. ఇంకొకటి 1949 నాటిది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఎట్లాంటిదో అవీ అట్లాంటివే. గిరిజనుల భూమి పరాయివాళ్ళ చేతుల్లోకి పోకుండా అడ్డుకుంటాయి.

2016లో ఆ చట్టాలను మారుస్తూ శాసనసభ బిల్లులు ఆమోదించింది. పంటభూమిని వేరే పనులకు వాడుకోవచ్చన్నది ఆ మార్పుల్లో ఒకటి. గిరిజనులు ఆందోళన చేశారు. భూమి పోతుందని భయపడ్డారు.

శాసనసభ ఆమోదించిన బిల్లు గవర్నరు దగ్గరకు వస్తుంది. గవర్నరు సంతకం పడితే చట్టం అవుతుంది. బిల్లు పంపింది ఆమె అంతకుముందు ఉన్న పార్టీ ప్రభుత్వమే. అయినా ఆమె సంతకం పెట్టలేదు. 2017లో బిల్లులను వెనక్కి పంపారు. దీనివల్ల గిరిజనులకు మేలు ఏమిటని అడిగారు. తర్వాత ప్రభుత్వం ఆ మార్పులను వదులుకుంది.

చూశారా! సంతకం పెట్టడం నేర్చుకోవడం మొదటి మెట్టు. చదివి సంతకం పెట్టడం రెండో మెట్టు. చదివిన తర్వాత "ఇది నేను పెట్టను" అని చెప్పగలగడం మూడో మెట్టు.

కొన్ని ఊళ్ళలో ఏం జరుగుతోంది? సర్పంచి ఆమె. పెత్తనం ఆయనది. తీర్మానాల పుస్తకం ఇంటికి వస్తుంది. "ఇదిగో, ఇక్కడ పెట్టు" అంటాడు ఆయన. పొయ్యి ముందు కూర్చున్న ఆమె చెయ్యి తుడుచుకుని పెట్టేస్తుంది. ఏం రాసి ఉందో చూడదు. రేపు లెక్కల్లో తేడా వస్తే నోటీసు ఎవరి పేరు మీద వస్తుంది? ఆయన పేరు మీద కాదు. సంతకం పెట్టిన ఆమె పేరు మీదే.

వేలిముద్ర పోయి సంతకం వచ్చినంత మాత్రాన సరిపోదు. పైన ఏముందో చదవాలి. అర్థం కాకపోతే అడగాలి. "రేపు చదివి పెడతాను" అనాలి. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం అక్షరంతో వస్తుంది.

2022 జూలై 25న ద్రౌపది ముర్ము భారత రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. గిరిజనుల నుంచి ఆ పదవికి వచ్చిన మొదటి మనిషి ఆమె. వార్డు నుంచి మొదలైన నడక అక్కడి దాకా వెళ్ళింది.

ఎవరు నిలబడవచ్చు?

అందరూ రాష్ట్రపతులు కారు, కానక్కరలేదు. కానీ వార్డుకి నిలబడటానికి ఏం కావాలో అందరూ తెలుసుకోవాలి.

ఓటు హక్కు 18 ఏళ్ళకు వస్తుంది. పంచాయతీకి, మునిసిపాలిటీకి పోటీ చేయాలంటే 21 ఏళ్ళు నిండాలి. శాసనసభకు 25 ఏళ్ళు నిండాలి. ఓటర్ల జాబితాలో పేరు ఉండాలి.

నామినేషన్ పత్రం నింపాలి. డిపాజిట్ కట్టాలి. శాసనసభకైతే డిపాజిట్ 10,000 రూపాయలు. దళితులకు, గిరిజనులకు 5,000 రూపాయలు. పోలైన ఓట్లలో ఆరో వంతు కూడా రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. పంచాయతీ డిపాజిట్ దీనికంటే చాలా తక్కువ.

శాసనసభకు పోటీ చేసేవాళ్ళు ప్రమాణ పత్రం కూడా ఇవ్వాలి. తమ మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అందులో రాయాలి. ఆ కాగితం ఎవరైనా చదవవచ్చు. ఓటు అడగడానికి వచ్చిన పెద్దమనిషి గురించి ఆయన చెప్పిందే వినక్కరలేదు. ఆయన రాసి ఇచ్చింది కూడా చదవండి.

టీచర్ల సంగతి? సర్కారు బడిలో జీతం తీసుకునే టీచరు ఉద్యోగంలో ఉంటూ పోటీ చేయకూడదు. ముందు రాజీనామా చేయాలి. నెల జీతం వదులుకోవడం మాటలు కాదు. ఓడిపోతే ఉద్యోగమూ ఉండదు, పదవీ ఉండదు. అందుకే ఏ టీచరైనా ఓట్లకు నిలబడితే, వాళ్ళు ఏం వదులుకుని వచ్చారో కూడా గుర్తుపెట్టుకోవాలి. పిల్లల ముందు నిలబడే మనిషి ఒక పార్టీ మనిషిగా ఉండకూడదనే ఆ నియమం. అది మంచి నియమమే.

చదువు లేకపోతే?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. చదువు రానివాళ్ళు నిలబడకూడదా?

2014 చివర్లో రాజస్థాన్ ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. సర్పంచి కావాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్నది. 2015లో హర్యానా కూడా ఇలాంటి నియమమే తెచ్చింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. హర్యానా నియమం చెల్లుతుందని 2015 డిసెంబరులో కోర్టు చెప్పింది. రాజస్థాన్‌లో మాత్రం 2019లో ఆ నియమం ఎత్తేశారు.

ఆ నియమం వల్ల ఎవరికి దెబ్బ తగిలింది? ఎక్కువగా ఆడవాళ్ళకు, దళితులకు, గిరిజనులకు. చిన్నప్పుడు బడికి పంపనిది వాళ్ళనే. పెద్దయ్యాక "నీకు చదువు లేదు, పక్కకు జరుగు" అన్నదీ వాళ్ళనే. ఒక తప్పుకు రెండుసార్లు శిక్ష.

మన పంచాయతీల్లో అటువంటి తరగతుల షరతు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్ళకు ఉన్నాయి. నిలబడటానికి చదువు అడ్డు కాదు. కానీ నిలబడి గెలిచాక చదువు లేకపోతే అడుగడుగునా అడ్డే. ఇంకొకరి కళ్ళతో చూడాలి. ఇంకొకరి నోటితో మాట్లాడాలి. కుర్చీ తనదే అయినా మాట పరాయిది అవుతుంది.

అందుకే ఈ రాత్రి బడి. అందుకే ఈ పుస్తకం.

ఈసారి ఊళ్ళో నామినేషన్లు వేసేటప్పుడు, "మాకెందుకండీ" అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఉపర్‌బేడా అమ్మాయిని తలుచుకోండి. మీరు నిలబడినా సరే, నిలబడిన ఇంకో అక్కకు ఆ కాగితం చదివి పెట్టినా సరే. రెండూ పనికొచ్చే పనులే.

మాట్లాడుకోండి

1. మీ వార్డు మెంబరు ఎవరు? ఆ మనిషి దగ్గరకు మీరు చివరిసారి ఏ పని మీద వెళ్ళారు?

2. మీ పంచాయతీలో ఆడ మెంబర్లు ఎంతమంది? సభలో వాళ్ళే మాట్లాడుతున్నారా? వాళ్ళ తరపున ఇంకెవరైనా మాట్లాడుతున్నారా?

3. మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉందా? ఇప్పుడు దాన్ని తీసి చదవగలరా?