యాప్ వచ్చింది, లేబర్ వెళ్లిపోయారు: కన్‌స్ట్రక్షన్ కంపెనీలో మార్పు తేవడం గురించి నా అనుభవం

సివిల్ చదివి సైట్‌లో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మా కంపెనీలో కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చారు. నన్ను ఇన్‌ఛార్జ్‌గా పెట్టారు. సైట్‌లో ఎవరూ వాడటం లేదు. ఏం చేయాలి?" అని. దీనికి నేను బాగా చేసిన పని గురించి కాదు, చెడగొట్టిన పని గురించి చెప్తాను. కొంచెం ఓపికగా వినండి.

2019లో నేను హైదరాబాద్ పడమర వైపు ఒక అపార్ట్‌మెంట్ ప్రాజెక్టులో ప్లానింగ్ ఇంజనీర్‌ని. రెండు టవర్లు, పద్నాలుగు అంతస్తులు. కంపెనీ పేరు చెప్పను, ఇప్పుడు అవసరం లేదు. హెడ్ ఆఫీస్ వాళ్లు ఒక యాప్ కొన్నారు. డైలీ రిపోర్ట్, మెటీరియల్ ఇండెంట్, లేబర్ హాజరు, అన్నీ ఫోన్లోనే. స్టార్ హోటల్లో ఒక రోజు ట్రైనింగ్, మధ్యాహ్నం బఫే, చివర్లో అందరికీ టీషర్టులు. నన్ను మా సైట్‌కి "ఛేంజ్ ఛాంపియన్" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు చాలా నచ్చింది. లింక్డ్‌ఇన్‌లో కూడా పెట్టుకున్నాను.

ట్రైనింగ్‌లో జాన్ కాటర్ గురించి చెప్పారు. హార్వర్డ్ ప్రొఫెసర్. 1996లో ఆయన రాసిన పుస్తకంలో మార్పుకి ఎనిమిది మెట్లు ఉంటాయి. ముందు అర్జెన్సీ పుట్టించాలి, మార్పు కోరే వాళ్లని జట్టుగా కట్టాలి, ఎక్కడికి వెళ్తున్నామో అందరికీ చెప్పాలి, అడ్డంకులు తీయాలి, తొందరగా కొన్ని చిన్న విజయాలు చూపించాలి, అలా. మంచి విషయమే, నేనేం వెక్కిరించట్లేదు. కానీ ఆ మెట్లు రాసుకుంటున్నప్పుడు నా మనసులో ఉన్నది ఆఫీసులో కుర్చీలో కూర్చుని నెల జీతం తీసుకునే మనుషులు. మా సైట్‌లో రోజూ రెండు వందల మందికి పైగా పని చేసేవాళ్లు. అందులో కంపెనీ జీతం తీసుకునేది పద్నాలుగు మంది. మిగతా వాళ్లంతా ఎవరు? కంపెనీ కింద సబ్ కాంట్రాక్టర్, ఆయన కింద మేస్త్రీ, మేస్త్రీ కింద లేబర్. హెడ్ ఆఫీస్ మెయిల్ పద్నాలుగు మందికి వెళ్తుంది. బిల్డింగ్ కట్టేది మిగతా వాళ్లు. ఇక్కడే తేడా కొట్టింది. నాకు అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది.

మొదటి మూడు వారాలు డ్యాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది. నేను హెడ్ ఆఫీస్‌కి "హండ్రెడ్ పర్సెంట్ అడాప్షన్" అని రిపోర్ట్ పంపాను. లోపల జరిగేది వేరు. జూనియర్ ఇంజనీర్లు రాత్రి రూమ్‌కి వెళ్లి, అన్నం తిన్నాక, గుర్తున్నంత వరకు నంబర్లు కొట్టేవాళ్లు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. పచ్చరంగు చూసి పైవాళ్లు మెచ్చుకుంటుంటే మనకేం పట్టింది, అంతే.

హాజరు మాత్రం అలా సర్దుబాటు అయ్యేది కాదు. గేటు దగ్గర ఉదయం ఎనిమిదిన్నర లోపు ఫేస్ ఫోటో దిగాలి, ఆ తర్వాత యాప్ తీసుకోదు. కాగితం రిజిస్టర్ పూర్తిగా బంద్. నాలుగో శనివారం ఖర్చీ రోజు. ఖర్చీ అంటే తెలియని వాళ్లకి చెప్తాను. లేబర్‌కి పూర్తి లెక్క నెలకో, పండక్కి ఊరెళ్లేటప్పుడో చేస్తారు. మధ్యలో తిండికీ సరుకులకీ వారం వారం కొంత ఇస్తారు. అది ఖర్చీ. ఆదివారం సంతలో ఆ డబ్బుతోనే బియ్యం, కూరగాయలు కొనుక్కుంటారు. ఆ శనివారం షట్టరింగ్ మేస్త్రీ పుస్తకంలో నలభై నాలుగు మంది ఉన్నారు. యాప్‌లో ముప్పై ఒక్కరే ఉన్నారు. అకౌంట్స్ వాళ్లు లెక్క కలిసే దాకా పేమెంట్ ఆపేశారు.

ఆ పదమూడు మంది ఏమయ్యారు? ఎనిమిది మంది ముందు రాత్రి స్లాబ్ వేసి తెల్లవారుజామున మూడింటికి పడుకున్నారు. పొద్దున పదింటికి వచ్చారు. గేటు ఫోటో టైమ్ అయిపోయింది. ఐదుగురు బేస్‌మెంట్ పని వాళ్లు, వెనక ర్యాంప్ నుంచి దిగేవాళ్లు. అసలు గేటు వైపే రారు, కింద సిగ్నల్ కూడా ఉండదు. అంటే మనకోసం రాత్రంతా కష్టపడ్డ వాళ్లే ఆబ్సెంట్ అయ్యారు.

మేస్త్రీ పాలమూరు ఆయన. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నా దగ్గరికి వచ్చి అరవలేదు. "సారూ, మీ ఫోన్ల ముప్పై ఒక్కరే ఉన్నరు. మాకు రేపు నలభై నాలుగు మందికి బియ్యం గావాలె. ఆ పదమూడు మందికి గూడ ఫోన్ల వండుతరా?" అన్నాడు. నేను "సోమవారం చూద్దాం మేస్త్రీ, సిస్టమ్‌లో ఉంది, నా చేతిలో లేదు" అన్నాను. ఆ రాత్రి ఆయన వడ్డీకి తెచ్చి అందరికీ పంచాడని తర్వాత తెలిసింది.

సోమవారం సైట్‌కి తొమ్మిది మంది వచ్చారు. లేబర్ గొడవ పెట్టుకోరండి, సైట్ మారిపోతారు. రెండు కిలోమీటర్ల దూరంలో ఇంకో టవర్ లేస్తోంది, అక్కడికి వెళ్లిపోయారు. మా ఆరో స్లాబ్ పదకొండు రోజులు లేట్ అయింది. రెడీ మిక్స్ బుకింగ్ రద్దు, టవర్ క్రేన్ అద్దె మాత్రం నడుస్తూనే ఉంది. హెడ్ ఆఫీస్ నుంచి నాకు ఒకటే మాట: "లేబర్ మార్పుని ఒప్పుకోవట్లేదు."

ఈ మాట మీరు కూడా వింటారు. "మన ఇండస్ట్రీ మారదు అన్నా" అని. మెకిన్సీ వాళ్ల 2017 రిపోర్ట్ కూడా ఉంది, ప్రపంచవ్యాప్తంగా రెండు దశాబ్దాల్లో కన్‌స్ట్రక్షన్ ఉత్పాదకత ఏడాదికి సగటున 1 శాతమే పెరిగిందని. నిజమే అనుకుందాం. కానీ నా కళ్లతో చూసింది చెప్తాను. నీళ్ల పైపుతో లెవెల్ పట్టిన తాపీ మేస్త్రీ ఇవాళ సొంత డబ్బుతో లేజర్ లెవెల్ కొనుక్కుంటున్నాడు. హ్యాక్‌సా పట్టిన వాళ్లు కటింగ్ మెషిన్‌కి మారారు. చదువు రాని మేస్త్రీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి ఇరవై మందిని ఊరి నుంచి రప్పిస్తాడు. వీళ్లకి ఎవరు స్టార్ హోటల్లో ట్రైనింగ్ ఇచ్చారు? పని తేలికవుతుంది, డబ్బు తొందరగా వస్తుంది అంటే వాళ్లు మనకంటే ముందే మారతారు. మా యాప్‌లో వాళ్లకి ఉన్నది ఏంటి? లైన్లో నిలబడటం, ఖర్చీ ఆగడం. నేనైనా వెళ్లిపోతాను.

సరే, తర్వాత ఏం చేశాం? ఆయన దగ్గరికి నేనే వెళ్లాను. మా టైమ్‌కీపర్ బాబాయ్‌ని తోడు తీసుకెళ్లాను. లేబర్ క్యాంపులో రేకుల షెడ్డు ముందు రెండు సాయంత్రాలు కూర్చుని ఆయన పొడుగు పుస్తకం చూశాం. నిలువు గీత అంటే ఒక హాజరు, సగం గీత అంటే అర హాజరు, పక్కన చుక్క పెడితే ఓవర్‌టైమ్. వెనక పేజీల్లో ఎవరికి ఎంత అడ్వాన్సు, దేనికి. ఆసుపత్రి, ఊరికి టికెట్, పిల్ల ఫీజు. నాకు సిగ్గేసింది. మా యాప్‌లో ప్రెజెంట్, ఆబ్సెంట్ రెండే బటన్లు. రాత్రి స్లాబ్ వేసిన మనిషికి ఒకటిన్నర హాజరు ఇస్తారని ఆ యాప్ తయారు చేసిన వాళ్లకి తెలియదు. కొన్నవాళ్లు అడగలేదు. నేను కూడా అడగలేదు.

మొదట మార్చింది యాప్‌ని కాదు, శనివారాన్ని. లెక్క కలిసినా కలవకపోయినా శనివారం సాయంత్రం ఐదు లోపు ఖర్చీ ఇచ్చేయాలి, తేడా ఉంటే మంగళవారం కూర్చుని తేల్చుకోవాలి. దీనికి అకౌంట్స్ మేనేజర్ ఒప్పుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆయన తప్పు కాదు, ఎక్కువ ఇస్తే రేపు ఆడిట్‌లో అడిగేది ఆయన్నే. నేను మంచి మాటలు చెప్పి ఒప్పించలేదు. స్లాబ్ పదకొండు రోజులు ఆగినందుకు క్రేన్ అద్దె, స్టాఫ్ జీతాలు, జెనరేటర్ ఖర్చు ఒక కాగితం మీద రాసి, పక్కన ఆ పదమూడు మంది ఖర్చీ రాసి ఇచ్చాను. చూసి సంతకం పెట్టారు.

తర్వాత యాప్ కంపెనీతో మాట్లాడి అర హాజరు, ఒకటిన్నర హాజరు, నైట్ షిఫ్ట్ పెట్టించాం. సిగ్నల్ లేకపోయినా ఎంట్రీ అయ్యేలా చేయించాం. గేటు ఫోటో తీసేసి, పని మొదలయ్యే ముందు సేఫ్టీ గురించి చెప్పే చోటే హాజరు తీసుకున్నాం. ఇంకోటి, ఆరు వారాలు పుస్తకం, యాప్ రెండూ నడిపాం. డబుల్ పని అని అందరూ తిట్టారు, నిజంగానే డబుల్ పని. రోజూ సాయంత్రం ఆరింటికి మేస్త్రీ, బాబాయ్, నేను పది నిమిషాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. మొదటి వారం రోజుకి ఐదారు తేడాలు. నాలుగో వారానికి ఒకటో, ఏదీ లేకనో. ఆ తర్వాత మేస్త్రీయే "హాజరు ఇగ నీ ఫోన్లనే రాయి సారూ, అడ్వాన్సులు మాత్రం నా పుస్తకంలనే ఉంటయ్" అన్నాడు. అది ఆయన సొంత లెక్క, మనం వేలు పెట్టకూడదు. కొలతలు కూడా ఆయన్ని పక్కన పెట్టుకుని ఫోన్లో ఎక్కించడం మొదలుపెట్టాక, నలభై రోజులు పట్టే బిల్లు పదిహేను రోజుల్లో పాస్ అయింది. ఆ నెల నుంచి నేను ఎవరికీ యాప్ గురించి చెప్పాల్సిన అవసరం రాలేదు. పక్క మేస్త్రీలే వచ్చి అడిగారు.

ఇంకో విషయం కూడా అప్పుడే మొదలుపెట్టాం. గ్లెన్ బ్యాలర్డ్, గ్రెగ్ హోవెల్ అని ఇద్దరు అమెరికాలో 1990లలో ఒకటి గమనించారు. సైట్‌లో ఈ వారం అయిపోతాయని రాసుకున్న పనుల్లో దాదాపు సగమే ఆ వారం అవుతున్నాయి. అందుకే లాస్ట్ ప్లానర్ అనే పద్ధతి తెచ్చారు. పని చేయించే చివరి మనిషే ఈ వారం ఎంత అవుతుందో చెప్పాలి. అవ్వదు అనుకుంటే అవ్వదు అనే హక్కు కూడా ఆయనకి ఉండాలి. మేం సోమవారం సాయంత్రం మేస్త్రీలందరినీ కూర్చోబెట్టాం. కుర్చీలు వేశాం, ఇది చిన్న విషయం కాదు, మా సైట్‌లో అంతకుముందు మీటింగ్‌లో మేస్త్రీలు నిలబడేవాళ్లు. రెండో వారం బార్ బెండింగ్ మేస్త్రీ మా ప్రాజెక్ట్ మేనేజర్ మొహం మీదే "గురువారానికి కాదు సార్, స్టీల్ రాలేదు" అన్నాడు. మేనేజర్‌కి కోపం వచ్చింది, బయటికి వెళ్లి సిగరెట్ కాల్చి వచ్చారు. వచ్చి "స్టీల్ ఎప్పుడొస్తుంది?" అని స్టోర్స్ వాళ్లని అడిగారు. నన్ను అడిగితే మా సైట్‌లో మార్పు వచ్చింది ఆ సాయంత్రం. యాప్ లాంచ్ రోజు కాదు.

ఇంతవరకు బాగానే చెప్పాను కదా. చెప్పాలని లేనిది కూడా ఉంది. టైమ్‌కీపర్ బాబాయ్. ఇరవై ఏళ్లకు పైగా రిజిస్టర్ రాసిన మనిషి. ఆ రెండు సాయంత్రాలు ఆయన లేకపోతే మేస్త్రీ నాతో మాట్లాడేవాడే కాదు. మొదట్లో ఆయన భయపడితే "బాబాయ్, మీకేం ఇబ్బంది ఉండదు, నేనున్నాను" అన్నాను. ఏ అధికారంతో అన్నానో నాకే తెలియదు. అన్నీ కుదురుకున్న రెండు నెలలకి హెడ్ ఆఫీస్ అన్ని సైట్లలో టైమ్‌కీపర్ పోస్టులు తీసేసింది. యాప్ ఉంది కదా, ఇక ఎందుకు అని. నాకు వారం ముందే తెలిసింది. చెప్పలేకపోయాను. ఆయనకి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వచ్చి "నీకు ముందే తెలుసా బాబూ?" అని అడిగారు. తెలియదన్నాను.

ఆ మాట ఇప్పుడు ఎవరికీ ఇవ్వను. కొత్త పద్ధతి తెచ్చేటప్పుడు ఎవరి పని తగ్గుతుందో ముందు రోజే రాసుకుని, వాళ్లకి ఏం చేస్తారో మేనేజ్‌మెంట్‌ని రాతపూర్వకంగా అడుగుతాను. కొన్నిసార్లు జవాబు వస్తుంది. రాకపోతే వాళ్లకి అదే చెప్తాను, "నాకు జవాబు రాలేదు" అని. ఆ మాట చెప్పడం చాలా కష్టంగా ఉంటుంది.

ఇప్పుడున్న సైట్‌లో వచ్చే సోమవారం నుంచి కాగితం డ్రాయింగ్‌ల బదులు ట్యాబ్‌లు ఇవ్వాలని ప్లాన్. మొన్న ట్యాబ్ చూపిస్తే సెంట్రింగ్ మేస్త్రీ అడిగాడు, "ఎండలో కనబడుతుందా సార్?" అని. మీటింగ్ రూమ్‌లో మాకెవరికీ ఆ ప్రశ్న రాలేదు. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరం తొమ్మిదో స్లాబ్ మీదికి ఎక్కి చూశాం. కనబడలేదు. స్లాబ్ మీదికి కాగితం, కింద ఆఫీసులో ట్యాబ్, ప్రస్తుతానికి అలా మొదలుపెడుతున్నాం. ఎలా నడిచిందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.