మంత్రం పోయినా నిషేధం ఎందుకు మిగిలింది?

(కిశోర బాలికల సంఘాలతో పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఒక మంత్రాల నవల గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకామె నన్ను సూటిగానే అడిగారు. "చేతబడి లేదు, బాణామతి లేదు అని మనం ఊరూరా తిరిగి చెబుతున్నాం. మంత్రాలు నిజంగా పనిచేసే కథను ఆడపిల్లలకు ఎట్లా చెబుతాం?" అని. న్యాయమైన ప్రశ్న. ముందు కథ చెప్పి, ఆ తర్వాత దీనికి నాకు తోచిన జవాబు చెబుతాను.

నవల పేరు 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్'. 2018లో అమెరికాలో అచ్చయింది. రచయిత్రి టోమీ అడెయెమి. నైజీరియా నుంచి వలస వెళ్ళిన తల్లిదండ్రులకు 1993లో అమెరికాలో పుట్టింది. ఇది మూడు భాగాల కథ. 2019లో రెండోది, 2024లో మూడోది వచ్చాయి. నేను మొదటి భాగం గురించే మాట్లాడతాను.

ఒరీషా అనే రాజ్యం. అక్కడ ఒకప్పుడు కొంతమందికి మంత్రశక్తి ఉండేది. నిప్పును, నీటిని, చనిపోయినవాళ్ళ ఆత్మలను పలికించగల పది తెగలు. ఆ తెగల బిడ్డలు తెల్లని జుట్టుతో పుడతారు. పదమూడో ఏట శక్తి వస్తుంది. కథ మొదలు కావడానికి పదకొండేళ్ళ ముందు ఆ శక్తి హఠాత్తుగా మాయమైపోయింది. సరాన్ అనే రాజు అదే అదను అనుకుని ఆ తెగల పెద్దవాళ్ళను చంపించాడు. కథానాయిక జేలీకి అప్పుడు ఆరేళ్ళు. ఆమె కళ్ళముందే తల్లి మెడకు గొలుసు బిగించి చెట్టుకు ఉరితీశారు. శక్తి ఇంకా రాని పిల్లలను మాత్రం బతకనిచ్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మంత్రం పోయింది. మంత్రం వేసేవాళ్ళూ పోయారు. మరి నిషేధం ఎందుకు మిగిలింది?

నవల మొదటి పేజీల్లోనే జవాబుంది. మామా ఆగ్బా అనే ముసలామె తన గుడిసెలో తెల్లజుట్టు ఆడపిల్లలకు రహస్యంగా కర్రసాము నేర్పుతుంటుంది. భటులు వస్తున్నారని తెలియగానే కర్రలు దాచేసి బట్టలు, సూదీదారం ముందేసుకుంటారు. భటులు వచ్చింది మంత్రాల కోసం కాదు, పన్ను కోసం. తెల్లజుట్టు బిడ్డ ఉన్న ఇంటికి ప్రత్యేకమైన పన్ను. అది పెరుగుతూనే ఉంటుంది. కట్టలేకపోతే ఆ బిడ్డను వెట్టిచాకిరీకి తోలుకుపోతారు. జేలీ తండ్రి చేపలు పట్టుకుని బతికేవాడు. పన్ను కట్టడానికి అరుదైన చేపను అమ్ముకురావాలని జేలీ నగరానికి వెళ్తుంది. కథ అంతా అక్కడి నుంచే నడుస్తుంది.

కాబట్టి మంత్రం లేకపోయినా నిషేధానికి పని ఉంది. పన్ను వసూలవుతుంది, జీతం లేని కూలీలు దొరుకుతారు, "వాళ్ళు మనుషులు కారు, పురుగులు" అని పిలిచే హక్కు మిగతావాళ్ళకు దక్కుతుంది. జుట్టు రంగును బట్టి నేరస్థులెవరో పుట్టిన రోజే తేలిపోతుంది.

ఇది మనకు కొత్త కాదు. 1871లో ఆంగ్లేయులు చేసిన నేరస్థ జాతుల చట్టం కూడా పుట్టుకను బట్టే నేరం అంటగట్టింది. స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఎరుకల కుటుంబాలను కట్టడి చేసి, హాజరు వేసి, పనిచేయించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో చట్టం రద్దయింది. పేరు మాత్రం ఇప్పటికీ వదలలేదు.

నిజమైన చరిత్రలో మంత్రాన్ని నిషేధించిన చట్టాలూ ఉన్నాయి. ఆఫ్రికా నుంచి బానిసలుగా అమెరికా ఖండాలకు, దీవులకు తెచ్చిన మనుషులు తమ దేవతలను, వైద్యాన్ని వెంట తెచ్చుకున్నారు. జమైకాలో 1760లో టాకీ నాయకత్వాన బానిసలు తిరగబడ్డారు. ఆ వెంటనే అక్కడి దొరల సభ 'ఓబియా' అనే ఆ విద్యను మరణశిక్ష విధించదగిన నేరం చేసింది. దొరలు భయపడింది ఆ విద్య తిరుగుబాటుదార్లకు ఇచ్చిన ధైర్యానికి, ఐకమత్యానికి. బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో కాండోంబ్లే ఆరాధన చేసుకోవాలంటే 1976 దాకా పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాల్సి వచ్చేది. ఆ బహియాలోని సాల్వడార్ నగరంలోనే ఒరీషా దేవతల బొమ్మలు చూసినప్పుడు ఈ కథ ఊహ తనకు కలిగిందని అడెయెమి చెప్పింది. నవలలో మంత్రాలు పలికే భాష కూడా నైజీరియాలో కోట్లమంది మాట్లాడే యొరుబా భాషే. రాజు ఆ భాషను నిషేధించాడు. అమ్మ మాటను నోట్లోంచి లాగేయడం అది.

అమెరికాలో నిరాయుధులైన నల్లవాళ్ళను, పిల్లలను కూడా, పోలీసులు కాల్చి చంపిన వార్తలు వరసగా వింటున్న రోజుల్లో ఈ పుస్తకం రాశానని రచయిత్రి చివరి మాటలో చెప్పింది. మంత్రాల కథ చదివి ఏడ్చినవాళ్ళు చచ్చిపోయిన ఆ పిల్లల కోసం కూడా ఏడవాలని ఆమె కోరిక.

మన సంఘాలలో చర్చించవలసిన పాత్ర మరొకటి ఉంది. రాకుమారి అమారీ. ఆమెకు ఆప్తురాలు బింటా అనే తెల్లజుట్టు దాసి. పోయిన శక్తిని మేల్కొలిపే ఒక పత్రం రాజుకు దొరుకుతుంది. అది పనిచేస్తుందో లేదో బింటా మీద పరీక్షించి, ఆమె చేతుల్లోంచి వెలుగు రాగానే రాజు ఆమెను చంపేస్తాడు. అమారీ చాటునుంచి అంతా చూస్తుంది. ఆ పత్రం దొంగిలించి కోట దాటి పారిపోతుంది. ఈ అమారీని తెల్లగా చెయ్యాలని తల్లి ఒంటికి లేపనాలు పూయిస్తుంటుంది. ఆ మాట మన ఆడపిల్లలకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

జేలీ ఆమెను వెంటనే "అక్కా" అని కౌగిలించుకోదు. నమ్మదు, ఈసడిస్తుంది. తన తండ్రి చేసిన దానికి తననెందుకు నిందించాలని అమారీ మనసులో బాధపడినా, వెంట నడిచి, ప్రాణం పణంగా పెట్టి ఆ నమ్మకం సంపాదించుకోవాల్సి వస్తుంది. స్త్రీలమంతా ఒక్కటే అని తేలిగ్గా అనేసే మనకు, దళిత స్త్రీలు పదే పదే వేసిన ప్రశ్న ఇందులో వినిపిస్తుంది.

నాకు మింగుడుపడని సంగతీ ఉంది. జేలీని వేటాడుతూ వచ్చిన రాకుమారుడు ఇనాన్‌తోనే ఆమెకు ప్రేమ పుట్టిస్తుంది రచయిత్రి. తనలోనూ మంత్రశక్తి ఉందని తెలిసి దాన్ని అణచుకుంటూ బతికే ఇనాన్ మంచి పాత్రే. కాని ఊరు తగలబడిన నొప్పి ఆరకముందే ఆ ప్రేమ రావడం నమ్మబుద్ధి కాదు. వేధించినవాడి మనసు మార్చే బాధ్యత ఆడపిల్లదే అన్న అర్థం వస్తుందేమో. పిల్లలతో ఈ భాగం తప్పకుండా చర్చకు పెట్టాలి.

ఇక ఆమె అడిగిన ప్రశ్నకు వస్తాను. నవలలో మంత్రం నిజం. మన ఊళ్ళలో చేతబడి అబద్ధం. ఈ తేడాను పిల్లలకు మొదటే, స్పష్టంగా చెప్పాలి. కాని మంత్రం నిజమైన చోటా, అబద్ధమైన చోటా జరుగుతున్న పని మాత్రం ఒక్కటే. ఒక మనిషికి పేరు పెడతారు, వేరు చేస్తారు, ఆ తర్వాత ఏం చేసినా తప్పు లేదంటారు. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేశారన్న అనుమానంతో పళ్ళు ఊడబెరికిన ఘటనలు మీకు తెలుసు. ఆడవాళ్ళనే కాదు, మగవాళ్ళనూ అట్లా చేశారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగా పలకలేరని నమ్మకం. నవలలో రాజు భాషను నిషేధించాడు, మన దగ్గర నోటినే విరగ్గొట్టారు.

జార్ఖండ్‌కు చెందిన చుట్నీ మహతో కథ చూడండి. 1995లో ఆమెకు మంత్రగత్తె అని ముద్రవేసి, హింసించి ఊరినుంచి తరిమారు. ఆమె ఆగిపోలేదు. అదే ముద్ర పడిన ఎందరో స్త్రీలకు అండగా నిలిచింది. 2021లో పద్మశ్రీ ఇచ్చారు. జార్ఖండ్‌లో 2001 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. కాని స్త్రీకి ఆ ముద్ర వేసినవాడికి ఆ చట్టంలో పెట్టిన శిక్ష మూడు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టం కావాలి. చట్టం ఒక్కటే చాలదని కూడా ఈ అంకెలే చెబుతున్నాయి.

అందుకని నా సూచన ఇది. ఈ కథను మీ బాలికల సంఘంలో నాలుగు వారాలు చెప్పండి. పుస్తకం ఇంగ్లీషులో ఉంటే ఏం, మన మాటల్లో చెబుదాం. ప్రతి వారం చివర మూడు ప్రశ్నలు అడగండి. పేరు పెట్టింది ఎవరు? ఆ పేరు వల్ల ఎవరికి లాభం? చూసినవాళ్ళు ఏం చేశారు? పిల్లలు మొదట జేలీ గురించి చెబుతారు. కాసేపటికి తమ వాడలో చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలమ్మ గురించి, ఆమె అరెకరం పొలం గురించి, ఆమెను తప్పించుకు నడిచే తమ ఇంటివాళ్ళ గురించి చెప్పడం మొదలుపెడతారు. మనకు కావలసింది ఆ మాట. అది ముసలమ్మ మీద దెబ్బ పడకముందే బయటికి రావాలి.

మామా ఆగ్బా కర్రసాము నేర్పింది. మనం ప్రశ్నలు నేర్పుదాం.