మన పేటల కళలు – వాటి కాగితాలు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నన్ను విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్య గురించే చెబుతాను గానీ, అది బడి పుస్తకాల్లో లేని పాఠం. మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం పేటల్లో ఒకప్పుడు ముషాయిరాలు జరిగేవి, కవ్వాలీలు జరిగేవి, పీర్ల చావిళ్ల దగ్గర రాత్రంతా పాటలు సాగేవి అని పెద్దలు చెబుతుంటారు. ఆ కళలకు సాక్ష్యంగా ఏ కాగితాలున్నాయి, అవి ఎవరి ఇంట్లో ఉన్నాయి, వాటిని మనమేం చేయాలి అన్నదే నేటి విషయం.

మనందరికీ తెలిసిన సంగతితో మొదలుపెడతాను. అనీబిసెంట్ 1915లో స్థాపించిన మన బి.టి. కాలేజీకి 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చారు. దక్షిణ దేశ పర్యటనలో అలసి, విశ్రాంతి కోసం ఇక్కడ కొన్ని రోజులున్నారు. అప్పుడు ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఐర్లండు దేశపు కవి. ఆయన భార్య మార్గరెట్ సంగీతంలో పట్టా పొందిన విదుషి. వారానికొకసారి రాత్రి భోజనాలయ్యాక విద్యార్థులు, అధ్యాపకులు కూర్చుని పాటలు పాడుకోవడం ఆ కాలేజీలో అలవాటు. ఆ కూటంలో టాగూర్ తాను బెంగాలీలో రాసిన జనగణమన పాడి వినిపించారు. విద్యార్థులు పల్లవి అందుకున్నారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు స్వరం రాసిపెట్టారు. టాగూర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, తన చేతిరాతతో రాసి, 1919 ఫిబ్రవరి 28 అని తేదీ వేసి సంతకం చేశారు. 1950 జనవరి 24న అదే పాట జాతీయగీతమైంది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. ఆ పాట పుట్టింది మన ఊళ్లోనే అని కొందరు ఉత్సాహంగా చెబుతారు. కాదండీ. దాన్ని మొదట పాడింది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో. మన ఊరికి దక్కింది ఇంగ్లీషు అనువాదం, స్వర రచన. అదేమీ తక్కువ గౌరవం కాదు గదా! ఇంత నికరంగా ఎలా చెప్పగలుగుతున్నాం? చేతిరాత ఉంది, దానిమీద తేదీ ఉంది. కజిన్స్ దంపతులు తమ జీవితకథను కలిసి రాసుకుని 1950లో మద్రాసులో అచ్చువేయించారు, అందులో ఆ రాత్రి ముచ్చట ఉంది. కాగితం ఉంటే గొప్ప మరుగునపడదు, లేని గొప్ప పుట్టదు కూడా. రెండు విధాలా అది సత్యాన్ని కాపాడుతుంది.

ఇప్పుడు నా ప్రశ్న. అదే 1919లో కాలేజీకి కూతవేటు దూరంలో ఉన్న మన మొహల్లాల్లో ఎవరు ఏం పాడారు? ఆ ఏడు మొహర్రంలో మర్సియా చదివినవారెవరు? మన దగ్గర జవాబు లేదు. మనవాళ్లకు కళ లేక కాదు, కాగితం నిలవక.

సర్కారు రికార్డుల్లో వెతుకుదామంటారా? వెతకవచ్చు. కానీ దారి తెలిసి వెతకాలి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసు కిందనే ఉన్నాం. కనుక ఆ కాలపు సర్కారు కాగితాలు చాలామటుకు చెన్నైలో, ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అయితే అక్కడ దొరికేవి భూమి, శిస్తు, కోర్టు, పోలీసు సంగతులు. గజల్ ఎవరు బాగా చదివారో తహసీల్దారు రాసిపెట్టడు. పైగా సర్కారు కాగితాలకే భద్రత లేని సందర్భాలున్నాయి. 2024 జూలై 21 రాత్రి మన మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి ఎన్ని దస్త్రాలు కాలిపోయాయో మనమంతా ఎరుగుదుం. ఇక ఇంట్లో అటక మీది సంచీకి ఎవరు పూచీ?

కాగితం నిలిస్తే మనవారి కళ ఎంతకాలం బతుకుతుందో హైదరాబాదు నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. మహలఖా బాయి చందా అనే ఉర్దూ కవయిత్రి 1768లో పుట్టి 1824లో మరణించారు. నిజాం దర్బారులో కవిత్వానికి, పాటకు, నాట్యానికి పేరుపొందిన మనిషి. ఆమె తన గజళ్ల దీవాన్ ప్రతిని 1799లో కెప్టెన్ జాన్ మాల్కం అనే ఆంగ్లేయునికి కానుకగా ఇచ్చారు. అది సముద్రం దాటిపోయి, ఈనాడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. ఆమె పాట విన్న చెవులు లేవు, ఆ మహఫిళ్లు లేవు. మౌలాలీ గుట్ట కింద ఆమె సమాధి కూడా చాలాకాలం చెట్టు చేమల మధ్య పాడుబడి, 2010 తర్వాతనే బాగుపడింది. కానీ కాగితం మీదికెక్కిన గజళ్లను ఇప్పటికీ చదువుకోవచ్చు.

మరి మన ఇళ్లలో ఏమున్నాయి? చాలా ఉన్నాయి. తాతలు తమకు నచ్చిన షేర్లు రాసుకున్న బయాజ్‌లు, ముషాయిరా ఇష్తిహార్లు, కవ్వాలీ కరపత్రాలు, పెండ్లిళ్లలో చదివిన సెహ్రాల అచ్చుకాగితాలు, బడి వార్షికోత్సవాల ఫోటోలు, పాత క్యాసెట్లు. వీటికి పెద్ద శత్రువు చెదలు కాదు. మన పిల్లలకు ఉర్దూ లిపి రాకపోవడం. చదవలేని కాగితం చెత్త కింద లెక్క. సున్నం వేసే రోజున అది కిలోల లెక్కన పాత పేపర్ల అంగడికి పోతుంది.

మా తరగతిలో ఒక పిల్లవాడు ఒకరోజు తాతగారి బయాజ్ తెచ్చాడు. అంచులు పురుగు తినేసినా లోపలి రాత చక్కగా ఉంది. వాళ్ల నాన్న తెలుగు మీడియంలో చదివినవాడు, ఉర్దూ మాట్లాడతాడు గానీ చదవలేడు. ఆ రాత్రి ఆ పిల్లవాడు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి రెండు నజ్మ్‌లు చదివాడట. మరునాడు ఆ తండ్రి బడికి వచ్చి, "సార్, మా నాయన కవిత్వం రాసేవాడని నాకు నలభై ఏండ్ల తర్వాత నా కొడుకు చెప్పినాడు" అన్నాడు. ఆ మాట విన్నాక ఉర్దూ ఎందుకు, ఉద్యోగం వస్తుందా అని అడిగేవారికి చెప్పడానికి నాకింకొక జవాబు దొరికింది.

కనుక సంఘం వారికి నా మనవి ఇది. ఈ సంవత్సరం మన ఆఫీసులో ఒక ఇనుప బీరువా, ఒక రిజిస్టరు పెట్టండి. ఏ కాగితం వచ్చినా రిజిస్టరులో ఎవరిచ్చారు, ఏ ఊరు, ఏ మొహల్లా, ఏ సంవత్సరం నాటిదని రాయాలి. ఇచ్చేవారికి భయముంటే అసలు వారి దగ్గరే ఉంచి, మనం ఫోటో తీసుకుందాం. సెల్‌ఫోనుతో తీసినా చాలు. ఫోటో తీశాం గదా అని అసలును పారేయవద్దు. ఫోన్లు మూడేండ్లకొకసారి మారుతాయి, మంచి కాగితం నూరేండ్లు ఉంటుంది.

ఇళ్లలో చేయవలసిన పనులు కూడా కొన్ని ఉన్నాయి. చిరిగిన కాగితానికి సెల్లో టేపు అంటించకండి. ఆ జిగురు కొన్నాళ్లకు పసుపుపచ్చగా మారి అక్షరాన్ని తినేస్తుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ ఊడదు. పాత ఫోటో వెనక పెన్సిలుతో మెల్లగా పేర్లు, సంవత్సరం రాయండి. పెన్ను సిరా ముందువైపుకు దిగుతుంది. వార్తాపత్రిక ముక్కలను మంచి కాగితాలతో కలిపి పెట్టకండి, వాటి మరక పక్క కాగితానికి పడుతుంది. క్యాసెట్లకు బూజు పట్టకముందే పాటలను కంప్యూటరులోకి ఎక్కించాలి.

అన్నిటికన్నా తొందరైన పని పెద్దలను అడగడం. కాగితం ఇంకో ఏడాది ఆగవచ్చు, మనిషి ఆగడు. మన కుర్రవాళ్లు ఆదివారం ఒక బుజుర్గు దగ్గర కూర్చుని, పీర్ల పండుగలో ఎవరు పాడేవారు, డోలు ఎవరు కొట్టేవారు, ముషాయిరాకు షామియానా ఎవరిచ్చేవారు అని అడిగి రాసుకోవాలి. అందులో హిందూ సోదరుల పేర్లు కూడా తప్పక వస్తాయి. రాయలసీమలో పీర్ల పండుగ ఒక్క మనదే కాదు గదా. వారి ఇళ్లలో మన కాగితాలు, మన ఇళ్లలో వారి ఫోటోలు ఉంటాయి. అడిగితే ఇస్తారు.

కుప్పం సంగతి వేరుగా చెప్పాలి. అటు తమిళం, ఇటు కన్నడం, నడుమ తెలుగు, ఇంట్లో ఉర్దూ. అక్కడి కాగితం ఏ భాషలో ఉన్నా తీసుకోవాలి. 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఆ ఊళ్లోనే ఉంది, సలహా అడగడానికి దూరం పోనక్కరలేదు. పుంగనూరులో జమీందారీ ఉండేది. ఆ ఊరి పాత కుటుంబాల వారు తమ పెట్టెలు ఒకసారి తెరిచి చూడాలి.

చివరిగా తల్లులకు ఒక మాట. ఇల్లు దులిపేది మీరే, ఏది ఉంచాలో ఏది పారేయాలో నిర్ణయించేదీ మీరే. ఉర్దూ రాత ఉన్న కాగితం కనబడితే, అది చదవగలిగినవారికి చూపించనిదే అంగడికి వేయకండి. మా బడికి పంపండి. మా పిల్లలు చదివి, కింద తెలుగులో రాసి, తిరిగి మీ చేతికే ఇస్తారు. ఆ పూచీ నాది.

వచ్చే సంవత్సరం ఈ సంచికలో కనీసం పది పాత కాగితాలైనా, ఇచ్చినవారి పేర్లతో సహా అచ్చు కావాలని ఆశిస్తున్నాను.