పత్తి చీటి – సోప్ పద్ధతి



ఆదోని మార్కెట్టు యార్డునకు రైతు పత్తి తెచ్చినపుడు దానిని గూర్చి వ్రాయవలసినది ఒక్క అంకె కాదు. పేరు, గ్రామము, తూకము, తేమ, ధర – ఇన్నియు కలిసిననే అది లెక్క యగును. అట్టి చీటిని ఒక కంప్యూటరు మరియొకదానికి పంపు విధమును ఈ పూట మనవి చేసెదము.

ఇందుకు గల పద్ధతులలో సోప్ ఒకటి. దాని 1.2 కూర్పును డబ్ల్యూ3సి సంస్థ 2003లో ఆమోదించినది. కవరులోని ఉత్తరమువలె ఇందు వార్త ఎక్స్ఎమ్ఎల్ గుర్తులలో సాగును. ఒంటి అంకెతో చిక్కు లేదు. పలు అంశములు కూడిన సంకీర్ణ రకమునకు మాత్రము స్కీమా అను నమూనా ముందుగా నుండవలెను.

మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరును తలచుకొందము. చీర నేయించువారు అంచు రంగు, కొంగు రంగు విడివిడిగా చెప్పుదురు. కలిపి చెప్పినచో ఒకదాని రంగు మరియొకదాని కెక్కును. అట్లే చీటిలోని అంశములన్నిటిని ఒకే వాక్యముగా గ్రుచ్చి పంపరాదు. తూకము దశాంశ సంఖ్య యనియు, రైతు పలు లాట్లు తెచ్చినచో ఆ భాగము పలుమారులు రావచ్చుననియు నమూనాలో చెప్పవలెను. తేమ కొలువనిచో 'విలువ లేదు' అని గుర్తింపవలెను గాని సున్న వేయరాదు. సున్న యన్నచో తేమయే లేని పత్తి యని అర్థము.

గుమాస్తా సందేహము వచ్చిన అడుగును. యంత్రము అడుగదు, వ్రాసినదే నమ్మును. తప్పు గడిలో పడిన అంకెకు నష్టపడునది రైతే. కావున పంపువారును, అందుకొనువారును ముందు నమూనాపై ఏకీభవింపవలెనని మా మనవి.