సెల్లుల బొమ్మ కాదు, అక్షరం కావాలె
(వాడ మీటింగులో చేసిన ప్రసంగ పాఠం)



అక్షరం మనకు ఎవరూ దానం చెయ్యలేదు. 1848లో పుణేలో సావిత్రీబాయి, జ్యోతిబా ఫూలేలు ఆడపిల్లలకు బడి తెరిస్తే ఆ తల్లి మీద రాళ్లు, పేడ విసిరిండ్రు. 1910లో హైదరాబాద్ ఇసామియా బజార్‌లో భాగ్యరెడ్డివర్మ మన పిల్లలకు బడి పెట్టిండు.

మరి ఇయ్యాల మన వాడల సంగతేంది? దసరా దాటితే తల్లిదండ్రులు ఇటుక బట్టీలకు పోతరు, ఎంట పిల్లలూ పోతరు. వానలకు తిరిగొచ్చేసరికి బడి మర్చిపోతరు. సెల్లును మాత్రం మరువరు. వేలుతో తోసుకుంట వీడియోలు చూస్తరు. పేరు రాయమంటే రాయలేరు.

ఇక్కడొక మోసం ఉంది. సెల్లు చదువు రాకున్నా నడుస్తది. మైకు గుర్తు నొక్కితే మాట పోతది, బొమ్మ నొక్కితే పాట వస్తది. చదివినోడు అదే సెల్లుల దరఖాస్తు పెడతడు, లెక్క చూసుకుంటడు. వాళ్లు రాసేటోళ్లు, మనం చూసేటోళ్లం. ఈ తేడా పోవాలె.

అందుకే మేం వాట్సాప్‌లనే పని మొదలుపెట్టినం. రోజుకు మూడే మాటలు: అమ్మ, ఇటుక, కూలి. పెద్దగ రాసి ఫోటో పంపుతం, అదే మాట పలికి వాయిస్ పంపుతం. పిల్ల చూసి, విని, బండ మీద బొగ్గుతో రాసి ఫోటో తిరిగి పంపాలె. నాలుగిండ్లకు ఒక్క సెల్లు, అదీ నాయిన కూలి నుంచి వచ్చినంకనే. అందుకని పాఠం రాత్రి పూటే.

మేం తప్పులూ చేసినం. మొదట వీడియోలు కుప్పలుగా పంపితే పిల్లలు నవ్విండ్రు, అక్షరం రాలేదు. గ్రూపుల నంబర్లు అందరికీ కనబడితే తెలియనోళ్లు ఆడపిల్లలకు ఫోన్లు చేసిండ్రు. ఇప్పుడు తల్లుల నంబర్లే, ఎరుకైనోళ్లే.

ఒక్కటి గట్టిగా చెప్తున్నం. సెల్లు బడి కాదు, బడికి దారి. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏండ్ల పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలె, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇయ్యాలె. టీసీ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని తిప్పి పంపరాదు. పంపితే పదిమంది కలిసి పోయి నిలబడుదాం.

వచ్చే మీటింగుకు ప్రతి వాడ నుంచి బడి తప్పిన పిల్లల పేర్ల జాబితా తేవాలె. ఆ పేర్లు మీరు రాయొద్దు, పిల్లలతోనే రాయించుకొని రండి.

జై భీమ్!