మణుగు అనగా ఎంత?

ఇటీవల సికిందరాబాదు నుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. మా ఉచ్చారణలోని దోషములను ఎత్తిచూపు ఉత్తరములు మాకు క్రొత్త కావు. ఇదియు అటువంటిదే కాబోలునని విప్పితిమి. కాదు. ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న. మణుగు అనగా ఎంత? ప్రశ్న ఒక పంక్తి, దాని వెనుకనున్న కథ నాలుగు పుటలు.

ఆయన నాయనమ్మగారి పుట్టిల్లు బందరు వైపు, మెట్టినిల్లు సికిందరాబాదు. పుట్టింటివారు ఆమెకు పసుపుకుంకుమల క్రింద ఒక చెరకుచెక్కను ఇచ్చిరి. అంత దూరమునుండి ఆమె దానిని సాగుచేయించుకొనజాలదు. కనుక అన్నగారే చేయించుచు, అందుకు బదులుగా ఏటేట రెండు మణుగుల బెల్లము పంపుదునని 1938లో కాగితము వ్రాసియిచ్చెను. మాట తప్పక బెల్లము ఏటేట రైలులో వచ్చినది. వచ్చినదానిని తాతగారు బజారులో తూకము వేయించి చిట్టాలో వ్రాసికొనిరి. తొమ్మిదేండ్లు వ్రాసిరి, తొమ్మిదేండ్లును ఒకే అంకె, 24 సేర్లు. సికిందరాబాదు లెక్కకు మణుగనగా 40 సేర్లు. రెండు మణుగులకు 80 సేర్లు రావలెను. వచ్చినది అందులో మూడవవంతైనను కాదు.

పుట్టింటివారిని తూకము అడుగుట మర్యాద కాదని ఆ తల్లి నోరు మెదపలేదు. తాతగారు మాత్రము పదవయేట ఒక ఘాటైన ఉత్తరము వ్రాసిరి. దానితో బెల్లమును ఆగినది, రాకపోకలును ఆగినవి. తరువాత ఇరువైపుల జరిగిన పెండ్లిండ్లకు శుభలేఖలైనను పోలేదట. మేనమామ తూకములో మోసము చేసెనని తన తండ్రిగారు కడదాక నమ్మిరనియు, మాటల పుట్టుపూర్వోత్తరములు చెప్పు మేము ఈ మాట సంగతి తేల్చవలెననియు కోరి, ఆయన ఉత్తరమును ముగించినారు.

మేము న్యాయాధికారులము కాము. అయినను మాటను పట్టుకొని కొంత దూరము పోవచ్చును.

ఈ మాట మనదని మనము అనుకొందుము. ఆంగ్లేయులు దీనిని ఎమ్, ఏ, యు, ఎన్, డి అను అయిదు అక్షరములతో వ్రాసి 'మాండు' అని పలికి, తమ నిఘంటువులలో చేర్చుకొనిరి. 1886లో యూలు, బర్నెలు అను ఇద్దరు పండితులు హిందూదేశమునుండి ఇంగ్లీషులో చేరిన మాటలకు ఒక పెద్ద కోశమును ప్రకటించిరి. 'హాబ్సన్-జాబ్సన్' అను చమత్కారమైన పేరు దానిది. అందు మాండు ఉన్నది, సేరు ఉన్నది, తులము ఉన్నది, మన వీసె కూడ 'విస్సు' అను వేషముతో ఉన్నది. అరబ్బీ పారశీకములలోని 'మన్' అను మాటను మొదట పోర్చుగీసు వర్తకులు తమ నోటికి అనువుగా 'మావ్' అని మార్చుకొనిరి. వారి భాషలో ఆ మాటకు చేయి అని అర్థము. వారినుండి ఇంగ్లీషువారు అందుకొనిరి. చివరనున్న 'డ' కారము ఎక్కడనుండి వచ్చినదన్నచో, ఇంగ్లీషులో బుట్టకు మాండు అను పాతమాట ఒకటి ముందే ఉన్నది. తెలియని మాటను తెలిసిన మాట అచ్చులో పోసికొనిరని ఊహింపవచ్చును. కంపెనీవారు 1611లో బందరున వర్తకశాల నెలకొల్పిరి. బందరు రేవులో తెలుగు కోమట్ల నోట వారు మణుగును, వీసెను, బారువను విననిదే ఒక్క మూటయు ఓడ ఎక్కియుండదు.

మన్ అను మాట అంతకంటె చాల పాతది. బాబిలోను దేశమున 'మనూ' అను తూకము ఉండెను. యూదులకు మానె, గ్రీకులకు మ్నా, రోమీయులకు మినా, అన్నియు దాని సంతతియే. క్రైస్తవ శ్రోతలకు దానియేలు గ్రంథములోని విందుకథ తెలిసినదే. రాజు చూచుచుండగా గోడమీద ఒక చేయి వ్రాసిన మాటలలో మొదటిదైన 'మెనే' ఈ తూకము పేరేననియు, 'టెకేలు' అనునది షెకెలు అను మరియొక తూకము పేరనియు పండితులలో పలువురు చెప్పుదురు. గోడమీద తూనికరాళ్ల పేర్లు వ్రాసినచో రాజు గుండె జారవలసినదే గదా!

ఇంతకు బాబిలోను మనూ ఎంత? ఇంచుమించు అరకిలో. ఇరానులో నేటికిని వినబడు తబ్రీజు మన్ మూడు కిలోలు. అక్బరు కాలపు మన్ 25 కిలోలు. షాజహాను నాటికి అది 33 కిలోలు దాటినది. 1833లో కంపెనీవారు తులమును 180 గ్రెయినులుగా స్థిరపరచి, 80 తులములు సేరు, 40 సేర్లు మణుగు అని నిర్ణయించినప్పుడు అది 37 కిలోల 324 గ్రాములైనది. ఉత్తరాదికిని నైజాము రాజ్యమునకును అలవాటైన పెద్ద మణుగు ఈ లెక్కది. అరకిలోగా బయలుదేరిన మాట నడచిన కొలది బలిసినదన్న మాట. కొసరు వేయుట అంగడివానికే కాక పాదుషాలకును అలవాటేమో!

కాని ఈ మాట అన్నిచోట్ల బలియలేదు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు అది వేరు కుటుంబముతో వియ్యమందినది. అక్కడ మూడు తులములు పలము, పది పలములు పదలము, నలుబది పలములు వీసె, ఎనిమిది వీసెలు మణుగు, ఇరువది మణుగులు బారువ. పెద్దబాలశిక్ష వల్లించిన తరములవారు దీనిని నిద్రలో లేపి అడిగినను చెప్పగలిగెడివారు. వీసె 120 తులములు, అనగా ఒక కిలో 400 గ్రాములు. ఈ వీసె సామాన్యమైనది కాదు. మనవారితో కలిసి సముద్రము దాటినది. రంగూనులో వర్తకులును, రేవులో మూటలు మోసిన కోరంగివారును దీనిని ఎరుగుదురు. అక్కడ ఇంగ్లీషువారు బర్మా తూకమునకు 'విస్సు' అను పేరునే వాడిరి. అయినను బర్మా విస్సు 1 కిలో 630 గ్రాములు. పేరు మనది, బరువు వారిది.

ఇక్కడ ఒక విశేషము చెప్పి ముందుకు పోవుదము. తూచుట అను పనికి ఏ భాషకు ఆ భాషలో సొంతమాట ఉండును. ఇంగ్లీషులోని 'వే' అను క్రియకు మొదటి అర్థము మోయుట, ఎత్తుట. ఓడ లంగరెత్తుటకు వారు నేటికిని ఆ మాటనే వాడుదురు. సంస్కృతములోని 'వహ్' ధాతువు దానికి తోబుట్టువు. వాహనము, వివాహము అను మన మాటలు ఆ వంశములోనివే. తెలుగువానికి మోయుట తట్టలేదు, ఊగుట తట్టినది. త్రాసు తూగును, ఉయ్యాల తూగును, నిద్రవచ్చిన శ్రోత తూగును. ఈ క్రియలు ఇల్లు కదలలేదు. ఊరూర తిరిగినవి తూనికరాళ్ల పేర్లే. పౌను లాటిను నుండి వచ్చినది. టన్ను మొదట సారాయి పీపా. రాయి చేతులు మారును, పేరు చెవులు మారును. రెండును ఒకే వేగమున నడువవు, చిక్కంతయు అక్కడనే.

ఆ చిక్కునకు సికిందరాబాదు కంటె తగిన ఊరు దొరకదు. 1806లో సికిందర్‌జా నైజాము పేర వెలసిన దండుపట్టణము. దండు మద్రాసు సైన్యమునకు చెందినది, చుట్టుప్రక్కల నేల నైజాముది. అందుచేత ఊరిలో రూపాయలును రెండు రకములుగా చెలామణి అయినవి. ఇంగ్లీషువారి కల్దారు సరిగా తులము బరువు, 11.66 గ్రాములు. నైజాము హాలీ సిక్కా 11.18 గ్రాములు. నూరు కల్దార్లకు నూటపదియారు హాలీల పదణాల ఎనిమిది పైసలు మారకము. రూపాయయే తూనికరాయిగా పనిచేసిన కాలములో ఇది చిన్న సంగతి కాదు. 80 కల్దార్లు వేసి తూచిన సేరు 933 గ్రాములు. వానికి బదులు 80 హాలీలు వేసినచో 894 గ్రాములే. సేరుకు మూడు తులముల పైగా తేడా. అంగడివాడు అసత్యమాడనక్కర లేదు, ఏ రూపాయలో చెప్పకున్న చాలును.

ఇక ఉత్తరమునకు రావచ్చును. బందరులో కూర్చుండి రెండు మణుగులు అని వ్రాసిన మనిషి మనసులో ఉన్నవి పదునారు వీసెలు. వీసెకు 120 తులముల చొప్పున 1,920 తులములు. సికిందరాబాదు సేరు 80 తులములు. 1,920ని 80చే భాగింపుడు. సరిగా 24. శేషము లేదు.

ఈ లెక్క వేసిన నాడు మేము కాగితమును ప్రక్కనుంచి కొంతసేపు ఊరకుంటిమి. తొమ్మిదేండ్ల చిట్టాలో ఒకే అంకె ఉండుటను ఆ ఇంటివారు మోసమునకు రుజువుగా ఎంచిరి. దొంగతూకము ఒక యేడు 22, ఒక యేడు 26 సేర్లు తూగును. తొమ్మిది మార్లు ఒక్క అచ్చేరైనను ఇటునటు కాక తూగినదన్నచో, పంపినవాడు ప్రతి యేడును త్రాసు ముందు నిలువబడి, తనకు తెలిసిన మణుగును ముల్లు నిలుచువరకు తూచి మూట కట్టెనన్న మాట. దారిలో తరుగు కూడ చేరకుండ కట్టినాడు. బజారులో తూచిన అంగడివాడును నిజాయితీపరుడే. హాలీ రూపాయల సేరుతో తూచియుండినచో 25 సేర్లకు కొంచెము పైగా వచ్చియుండును. అనగా తూచిన ఇద్దరును సరిగానే తూచిరి. తాతగారును సరిగానే వ్రాసిరి. కాగితములో 'వీసె' అను ఒక్క మాట చేరియుండినను ఇంత రాకపోయెడిది. అన్నగారు దానిని వ్రాయలేదు. బందరులో మణుగు అనగా ఎన్ని వీసెలో ఎవరికి చెప్పవలసియుండెను?

ఇటువంటి కాగితములు ఇంకెన్ని ఇండ్ల పెట్టెలలో ఉన్నవో! 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఒకే రాష్ట్రములో పెద్దదైన నైజాము మణుగును, దానిలో పదింట మూడు వంతులైన మద్రాసు మణుగును ప్రక్కప్రక్కన కూర్చున్నవి. ఆ డిసెంబరులోనే పార్లమెంటు తూనికలు కొలతల ప్రమాణముల చట్టమును చేసినది. 1958 అక్టోబరు 1న కొన్ని ప్రాంతములలో కిలో రాళ్లు అంగళ్లకు వచ్చినవి. 1962 నాటికి దేశమంతట అవియే తప్పనిసరి అయినవి. వ్యవసాయ కార్యక్రమములో ధాన్యము ధర క్వింటాలు లెక్కన చదువునపుడు నేడు మేము నిశ్చింతగా చదువుదుము. అదిలాబాదులో విన్నను అవనిగడ్డలో విన్నను నూరు కిలోలే.

అయితే పాతమాట పూర్తిగా ఊరుకొనదు. నేడు బంగారు అంగళ్లలో తులము అనగా పది గ్రాములు. నాయనమ్మల నాటి తులము 11.66 గ్రాములు. పది తులముల హారమని నానమ్మ చెప్పిన నగ నేటి కాటామీద పదకొండున్నర తులములకు పైగా తూగును. తక్కువ తూగినదని ఎవరైనను అన్నచో అప్పుడు పోట్లాడవలెను గాని, ఎక్కువ తూగినదని ఎవరును మాకు ఉత్తరము వ్రాయరు.

లెక్కను ఒక కార్డుమీద వ్రాసి ఆ శ్రోతకు పంపితిమి. పదునాలుగు దినములకు మారుజవాబు వచ్చినది. మేనమామగారి మనుమలు ఇంకను బందరు ప్రాంతముననే ఉన్నారట. చిరునామా తమ వద్ద లేదనియు, తాతగారి చిట్టాలోని పాత రైలురసీదులమీద ఊరిపేరు దొరకునేమో చూచుచున్నామనియు ఆయన వ్రాసినారు.