సూత్రంతో పాటు దాని హద్దు కూడా



భౌతికశాస్త్రాన్ని తెలుగులో బోధించేవారూ రాసేవారూ ఇంతమంది చేరిన సభకు నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. కృతజ్ఞుణ్ణి. అధ్యక్షస్థానంలో కూర్చున్నవారు అన్ని శాఖలనూ ఒకసారి స్పృశించడం ఆనవాయితీ. నేను మాత్రం ఒకే ఒక గ్రాఫు గురించి మాట్లాడతాను.

లోహం వేడెక్కితే నిరోధం పెరుగుతుందని, ఆ పెరుగుదల సరళరేఖలో సాగుతుందని మనమంతా బోర్డు మీద గీసి చూపిస్తాం. రాగి విషయంలో అది నిజమే. గది ఉష్ణోగ్రతలో దాని విశిష్ట నిరోధం సుమారు 1.7 మైక్రోఓమ్-సెంటీమీటర్లు. 1,085 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కరిగే ముందు, అది దాదాపు 10కి చేరుతుంది. వేడికి పరమాణువుల కంపనం ఎక్కువై, ఎలక్ట్రాన్ అడ్డు లేకుండా సాగే సగటు దూరం తగ్గుతుంది. మనం చెప్పే కారణం ఇదే. గది ఉష్ణోగ్రతలో రాగిలో ఆ దూరం సుమారు 40 నానోమీటర్లు, అంటే నూటయాభై పరమాణువుల వరస.

మరి ఆ దూరం ఎంతదాకా తగ్గగలదు? ఈ ప్రశ్న తరగతిలో రావాలి, కానీ మన పాఠం దానికి చోటివ్వదు. మెట్లు దిగేవాడు మెట్టుకన్నా చిన్న అడుగు వేయలేనట్టే, ఎలక్ట్రాన్ స్వేచ్ఛాపథం, అంటే అడ్డు లేకుండా సాగే ఆ సగటు దూరం, పరమాణువుల మధ్య దూరంకన్నా తగ్గితే ఆ మాటకే అర్థం ఉండదు. సోవియట్ శాస్త్రవేత్తలు యోఫే, రెగెల్ 1960లో ఈ హద్దును స్పష్టంగా చెప్పారు. రాగి దాన్ని చేరకముందే కరిగిపోతుంది. కరిగే వేళకు కూడా దాని స్వేచ్ఛాపథం పరమాణువుల మధ్య దూరానికి పాతిక రెట్లు ఉంటుంది. అందుకే మన సరళరేఖ చివరిదాకా చెక్కుచెదరదు.

హద్దు చేరే పదార్థాలూ ఉన్నాయి. నియోబియం మూడు పాళ్లు, తగరం ఒక పాలు కలిసిన సమ్మేళనం 18 కెల్విన్ల దగ్గర అతివాహకమవుతుంది. వేడి చేసినప్పుడు దాని నిరోధం సరళరేఖ వదిలి వంగుతుందని 1964లోనే వుడార్డ్, కోడీ గమనించారు. ఇలాంటి అతివాహకాల నిరోధం బాగా వేడెక్కాక ఒక విలువ వైపు ఒదిగిపోతుందని 1976లో ఫిస్క్, వెబ్ చూపారు. ఆ విలువ 150 మైక్రోఓమ్-సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంతకు మూడేళ్ల ముందు మూయ్ పరిశీలించిన, పరమాణువుల అమరిక చెదిరిన మిశ్రలోహాల్లోనూ ఇదే అంకె ఎదురైంది. విశిష్ట నిరోధం ఆ విలువ దాటిన మిశ్రలోహాల్లో, వేడెక్కేకొద్దీ నిరోధం పెరగడానికి బదులు కాస్త తగ్గింది.

అయితే మెట్ల పోలిక దగ్గరే ఆగిపోకూడదు. ఎలక్ట్రాన్ బంతి కాదు, తరంగం. స్వేచ్ఛాపథం పరమాణు దూరమంత చిన్నదైతే, ఎలక్ట్రాన్ పరుగెడుతూ మధ్యమధ్య ఢీకొంటుందన్న చిత్రమే పనికిరాదు. గునార్సన్, కలాండ్రా, హాన్ 2003లో సమీక్షించిన వివరణ ఇంకో దారిలో వెళుతుంది. లోహం ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత విద్యుత్తు మోస్తుందో లెక్కించి అన్నీ కూడితే, ఆ మొత్తానికి ఒక కట్టుబాటు ఉంటుంది. ఎలక్ట్రాన్లు పరమాణువు నుంచి పరమాణువుకు ఎంత తేలికగా దూకగలవన్నదే దాన్ని నిర్ణయిస్తుంది. చల్లని లోహంలో ఆ మొత్తం సున్న పౌనఃపున్యం దగ్గర పేరుకుని ఉంటుంది కాబట్టి నిరోధం తక్కువ. వేడెక్కేకొద్దీ అది పక్కలకు పరుచుకుంటుంది. ఎలక్ట్రాన్ శక్తిపట్టీ వెడల్పంతా నిండాక ఇంకా పరుచుకోవడానికి పెద్దగా చోటుండదు. నిరోధం పెరుగుదల మందగించేది అక్కడే.

ఈ వివరణ బలం మినహాయింపుల దగ్గర తెలుస్తుంది. లాంథనం, స్ట్రాంషియం ఉన్న కాపర్ ఆక్సైడ్ అతివాహకాల నిరోధం 1,000 కెల్విన్ల దాకా పెరుగుతూనే పోయి యోఫే-రెగెల్ హద్దును దాటేస్తుంది. వీటిని ‘బ్యాడ్ మెటల్స్’ అంటూ ఎమరీ, కివెల్సన్ 1995లో చర్చించారు. వీటిలో ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణ బలమైనది. అది దూకుళ్లను అడ్డుకుంటుంది కనుక పంచుకోవలసిన మొత్తమే చిన్నది, నిరోధం ఆగే విలువ చాలా పైన ఉంటుంది. కాబట్టి 150 అనే అంకె ప్రకృతి శాసనం కాదు. ఒక జాతి లోహాలకు అది వర్తిస్తుంది, అంతే.

నేను ఈ సభ ముందు పెట్టే ప్రతిపాదన చిన్నదే. తెలుగులో సూత్రం రాసినప్పుడల్లా అది ఎక్కడిదాకా చెల్లుతుందో పక్కనే రాద్దాం. నిరోధం పాఠంలో మూడు గీతలు ఒకే గ్రాఫు మీద ఉండాలి: తిన్నగా సాగే రాగి, వంగి ఒదిగే నియోబియం-తగరం, పొగరుగా పైకి పోయే కాపర్ ఆక్సైడ్. ప్రయోగశాలలో పాత ఫిలమెంటు బల్బునూ, నిక్రోమ్ హీటర్ కాయిల్‌నూ ఇవ్వండి. విద్యుత్తుకు కలపకముందు మల్టీమీటరుతో చల్లటి నిరోధం కొలిపించండి. వెలిగాక ఉండే నిరోధాన్ని వాట్లు, వోల్టుల నుంచి లెక్క కట్టించండి. బల్బులో నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది, కాయిల్‌లో కొద్ది శాతమే మారుతుంది. రెండూ లోహాలే కదా, ఈ తేడా ఎందుకని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల తెలుగు పుస్తకం మనలో ఎవరో ఒకరు రాయాలి. ఈ సమావేశంలోనే ఆ బాధ్యతను పంచుకుందామని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.